పిండిలోంచి చదివిన నోటీసు

ఓర్విక్ పట్టణం. మంచుదేశపు గనుల ఊరు.
జనాభా ఆరువందల పదకొండు,
మొన్న బుధవారం పోయిన ఎల్మెర్ స్టిమాక్‌ని తీసేస్తే పది.
నేనిక్కడ టౌన్ క్లర్క్‌ని.
చావులూ, కుక్కల లైసెన్సులూ, నీటి బకాయిలూ
ఒకే బీరువాలో పెట్టి తాళం వేస్తాను.

డిసెంబరు మొదటివారం
పేపరు చివరి పేజీలో నోటీసు వేయించాను:
థర్డ్ అవెన్యూలో సరిసంఖ్య గల వీధి దీపములు
జనవరి రెండు నుండి ఆర్పివేయు విషయమై
కౌన్సిల్ సమావేశం. ప్రజలు హాజరు కావచ్చును.
ఎవరూ కారని నాకు తెలుసు.
చిన్న అచ్చు ఉన్నదే అందుకు.

డొలోరెస్ జుపాన్సిచ్ కూడా ఆ పేపరు చదవలేదు.
క్రిస్మస్‌కి పొటీత్సా చేస్తోంది.
పిండి బల్ల నాలుగంచులూ దాటి వేలాడేదాకా సాగదియ్యాలి,
ఉంగరాలు తీసేసి, మునివేళ్ళు తగలనీకుండా
చేతుల వెనకవైపుతో, నడుమ నుంచి బయటికి,
నిద్రపోయే పిల్లాడి కింది దుప్పటి లాగినంత మెల్లగా.
అంచు ఎత్తి కింద పాత పేపరొకటి జారవిడిచి
అక్షరాలు కనపడితే, చాలినంత పల్చనైనట్టు.
వాళ్ళ అమ్మమ్మ స్లొవేనియా నుంచి ఓడలో తెచ్చుకున్న కొలత అది.

ఈ ఏడు ఉల్లిపొర అడుగున
కనపడింది నా నోటీసు.
తేదీ ఈ రోజే. టైము ఏడు. గడియారంలో ఆరూ నలభై.

మోచేతుల దాకా మైదాతో వచ్చి మొదటి వరసలో కూర్చుంది.
అంతకు ముందు ఆ వరసలో మా కోట్లే కూర్చునేవి.
"తొందరగా కానియ్యండి, అరగంటలో ఆరిపోతుంది" అంది.
"ఏది, దీపమా?" అన్నాడు లైల్ బెర్గ్‌స్టాడ్.
"పిండి."

మేయర్ ఆర్వో కిన్నునెన్ పద్దు చదివాడు.
గని మూతపడి పదకొండేళ్ళు. కరెంటు బిల్లు ఇంత. మంచు తోసే బండికి కొత్త గేర్‌బాక్స్ ఇంత.
ఒక్క అంకె అబద్ధం కాదు.
ముందు ఆరేది తన గుమ్మం ముందు దీపమే.

డొలోరెస్‌కి మూడు నిమిషాలు.
"నాది బేసి దీపం, నాకేం లోటు లేదు.
పద్నాలుగో స్తంభం దగ్గర తెల్లారి ఐదింటికి
నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసిన రొవీనా బస్సు దిగుతుంది.
నేను కిటికీలోంచి ఆ పిల్ల అడుగులు లెక్కపెడతాను.
నలభై మూడు.
తరవాత తలుపు చప్పుడు.
తరవాత నేను కాఫీ పెట్టుకుంటాను."
అంతే. కూర్చుంది. రెండు నిమిషాలు మిగిలాయి, ఎవరూ వాడుకోలేదు.

మూడు, రెండు. తీర్మానం నెగ్గింది.
మినిట్స్‌లో రాశాను: డి. జుపాన్సిచ్ మాట్లాడారు.

ఇంటికెళ్ళేసరికి పిండి అంచులు అప్పడాల్లా విరిగాయట.
చిరుగుల మీద అక్రోటు ముద్ద, తేనె, వెన్న అద్ది
ఎలాగో చుట్ట చుట్టింది.
పండగ ముందురోజు ఆఫీసుకి తెచ్చింది,
ఓటు ఎటు వేశారో అడక్కుండా అందరికీ ఒకే మందాన కోసింది.
ముక్కలో సుడి సరిగ్గా కుదరలేదు;
అతుకు దగ్గర తేనె కారి నల్లగా మాడింది.
అక్కడే ఎక్కువ రుచి.
మేయర్ రెండు ముక్కలు తిన్నాడు, ఓటు మార్చలేదు.
ఆయనలో నాకు నచ్చేది అదే,
నచ్చనిదీ అదే.

అందరూ వెళ్ళాక వేళ్ళకి జిగటతోనే
కరెంటు కంపెనీకి పంపే జాబితా టైపు చేశాను.
రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది,
పది, పన్నెండు, పదహారు.

అచ్చుతప్పు.
తేనె వల్ల మీట అంటుకుందని చెప్పుకోవచ్చు.
ముక్కకి లొంగానని మీరు అనుకోవచ్చు.
పట్టుబడతానన్న భయం మాత్రం లేదు:
ఈ ఊళ్ళో నా కాగితాలు చివరిదాకా చదివేది ఒక్కరే,
అదీ ఏడాదికొకసారి,
పిండిలోంచి.